మూడో మోటారు

పదకొండేళ్ల పాటు నేను మిషను కనిపెట్టాను,
లాలాపేట టీకొట్టు బల్ల మీద.
సిగరెట్టు పెట్టె వెనక, కరెంటు బిల్లు వెనక,
ఒకసారి మా ఆవిడ మందుల చీటీ వెనక కూడా.
మిర్చి ముచ్చికలు తీసే మిషను,
గంటకు నాలుగు టిక్కీలు.
రేకు మీద పేరు మాత్రం ముందే రాయించాను:
మస్తాన్‌వలి ఇంజినీరింగ్ వర్క్స్, గుంటూరు.
ఎర్ర రంగు, పసుపు అంచు.
మిషనుదేముంది, తర్వాత చూసుకోవచ్చు.

టీకొట్టు వీరరాఘవులు ఒకనాడు గ్లాసులు కడుగుతూ అన్నాడు:
"అన్నా, నీ మిషనుకి నేను పోసిన టీ
ఈపాటికి కొమ్మమూరు కాలవంత పారుంటుంది.
ఒక్క బోల్టు చూపించరాదా?"
అందరితో పాటు నేనూ నవ్వాను.
ఇంటికెళ్లాక ఆ నవ్వే గుచ్చుకుంది,
చర్మంలో ఇరుక్కున్న ఇనప రజనులాగా,
ఎటు నొక్కినా రాదు.

తెల్లారి పాత సామాన్ల సందులో
ఆరొందలకి ఒక కూలరు మోటారు కొన్నాను.
మొదటిది కాయల్ని పచ్చడి చేసి, కాలిపోయింది.
రెండోది ముచ్చికని పట్టుకుని కాయని విసిరింది.
షాపు రేకుల మీద నెలరోజులు ఎండాయవి.
"యార్డు మనింటికే వచ్చింది సార్" అన్నాడు బాజీ, తుమ్ముతూ.
బల్ల మీద నా గీత ఏనాడూ తప్పలేదు.
ఇనుము తప్పుతుంది,
ఎక్కడ తప్పిందో వేలు తెగేలా చూపిస్తుంది.

మూడోది తీసింది.
నూటికి ఎనభై కాయలు, శుభ్రంగా.
ఆటోలో వేసుకుని ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీకి పోయాను,
పెళ్లికొడుకులా తల దువ్వుకుని.

గోతాల మీద వరసగా ఆడవాళ్లు,
కళ్ల దాకా చీర కొంగులు.
మిషను తిరుగుతుంటే చేతులాపి చూశారు.
ఏసమ్మ అడిగింది, బస్సెప్పుడని అడిగినట్టే:
"ఇదొస్తే మేమెక్కడికి పోవాలి నాయనా?
కిలో లెక్కన మాకిస్తున్నారు.
దానికి కూలెందుకు, కాస్త కరెంటు తాగుతుంది."
పదకొండేళ్ల గీతల్లో ఎక్కడా
ఈ మనిషిని గీయలేదు నేను.

చెప్పబోయిందేదో, దగ్గు అడ్డమొచ్చింది.
తడి గోతాం చింపినట్టుండే దగ్గు.
తర్వాత మెల్లగా చెప్పింది:
ఇంటికెళ్లి చేతులు మజ్జిగలో ముంచినా
మనవరాల్ని రాత్రి దాకా ఎత్తుకోదట,
పిల్ల ఒళ్లు మండుతుందని.
"చేతులు మావే ఉండనీ.
ఈ ఘాటుకేమన్నా చెయ్యగలవా?"

ఆ రాత్రి బ్లేళ్లన్నీ ఊడబీకాను.
బాజీ ఏడుపొక్కటే తక్కువ.
పైన జల్లెడ, కింద ఫ్యాను,
దుమ్ముని కిందికి లాగి నీళ్ల తొట్టిలోకి తోసే గొట్టం.
జల్లెడ పూడుకుపోయింది, మళ్లీ కోశాను.
గొట్టం ఊడి నా మొహానే కొట్టింది,
గంటసేపు కళ్లు తెరవలేదు.
వాళ్ల రోజు ఎలా ఉంటుందో
అప్పుడు కొంచెం తెలిసింది.
ఒక పక్క రేకు చాల్లేదు.
చేతికందింది నా పేరు బోర్డే.
తిరగేసి వెల్డింగు పెట్టాను.
ఎర్రక్షరాలు లోపలికి పోయాయి.

ఇప్పుడా బల్ల చుట్టూ ఎనిమిది మంది కూచుంటారు.
మోటారు మోతకి గట్టిగా మాట్లాడుకుంటారు,
కోడళ్ల గురించి, చీటీ పాటల గురించి.
దగ్గు పూర్తిగా పోలేదు.
ఇదివరకు దగ్గుల మధ్య మాటలుండేవి,
ఇప్పుడు మాటల మధ్య దగ్గులున్నాయి.
చేతుల మంటకి నా దగ్గరింకా ఏమీ లేదు.
రబ్బరు తొడుగులు చూశాను, ముచ్చిక దొరకదంటున్నారు.

వీరరాఘవులు వచ్చి చూసి, చుట్టూ తిరిగి,
"పేరేది అన్నా?" అన్నాడు.
లోపలుంది అన్నాను.
జోకనుకున్నాడు.

ఇందాక ఏసమ్మ ఫోను చేసింది,
బేరింగు అరుస్తోందట.
పానా సంచీ గుమ్మంలో పెట్టుకున్నాను.
పొద్దున ఆరింటికల్లా వాళ్లు కూచుంటారు,
ఐదింటికే వెళ్లాలి.